చిట్టెలుకలు తిని లావెక్కిన ఉడుము

ప్రశ్న: డాక్టరు గారూ, డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి మూడేళ్లుగా ఆఫ్రికా జాతి ఉడుమును పెంచుతున్నాడు. దాన్ని సవన్నా మానిటర్ అంటారట, అక్కడ పెంచుకోవచ్చట. రోజుకో చిట్టెలుక, మధ్యమధ్య కోడి కైమా, పచ్చి గుడ్డు పెడతాడు. వీడియోలో చూస్తే పొట్ట నేలకు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి పడుకుంటోంది. మన చెలకల్లో ఉడుములు ఇలా ఉండవని మావారు అంటున్నారు. ఏం పెట్టమని చెప్పాలి?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: మీవారు సరిగ్గా చూశారమ్మా. నా చిన్నతనంలో కల్వకుర్తి దగ్గర మా చెలక గట్టున పెంటకుప్ప ఉండేది. తొలకరి పడ్డ మర్నాడు దాని మీదికి ఒక ఉడుము వచ్చింది. నేను వేపచెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. చీలిన నాలుకను ఆడిస్తూ నడిచి, ఒకచోట ఆగి, ముందరి గోళ్లతో జానెడు లోతు తవ్వి, సున్నాలా ముడుచుకున్న తెల్లటి పురుగును బయటికి లాగింది. తల పైకెత్తి రెండు గుటకల్లో మింగింది. మళ్లీ నాలుక, మళ్లీ తవ్వకం. నేను చెట్టు దిగేదాకా అదే పని. ఒక్కో ముద్దకు అంత శ్రమపడే జీవికి కొవ్వు ఎలా పడుతుంది?

మన ఉడుము పురుగులతో పాటు ఎలుకలు, కప్పలు, పిట్టగుడ్లు, చచ్చిన జంతువుల మాంసం కూడా తింటుంది. మీ అబ్బాయి దగ్గరున్న జాతి మాత్రం ఎక్కువగా పురుగుల మీదే బతుకుతుంది. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో దాని ఆహారం మిడతలు, కీచురాళ్లు, పేడపురుగులు, రోకలిబండలు, తేళ్లు, నత్తలు. దానికి రోజూ చిట్టెలుక పెట్టడమంటే రోజూ పెళ్లి భోజనం పెట్టడమే. ఆ కొవ్వు కాలేయానికి చేరుతుంది.

కైమా పూర్తిగా మాన్పించండి. ఉత్త కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు. అదే తింటూ ఉంటే ఎముకల్లోని కాల్షియం కరిగి దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. కోడి, మేక మార్చి మార్చి పెట్టినా కండ కండే. దాన్ని రకరకాల తిండి అనుకోవద్దు. పచ్చి తెల్లసొన తరచుగా పెడితే బయోటిన్ అనే విటమిన్ ఒంటికి అందదు. గుడ్డు ఎప్పుడో ఒకటి చాలు.

పెంపకంలో దొరికే కీచురాళ్లు, బొద్దింకలు, వానపాములు, మనుషులు తినడానికి పెంచే నత్తలు మార్చి మార్చి పెట్టమనండి. ముందురోజు ఆ పురుగులకు ఆకుకూరలు మేపి, పెట్టేముందు భాస్వరం లేని కాల్షియం పొడి చల్లాలి. పెరట్లో పట్టినవి వద్దు, వాటి మీద మందులు ఉండవచ్చు. మిణుగురులను అసలే దగ్గరికి రానివ్వవద్దు, అవి బల్లిజాతికి విషం. చిట్టెలుక నెలకొకటి మించనక్కరలేదు. అయితే ఒక్కసారిగా పస్తులు పెడితే కాలేయం ఇంకా దెబ్బతింటుంది, మెల్లగా తగ్గించాలి.

తిండి ఎంత మార్చినా వేడి లేకపోతే అరగదు. అది ఎండ కాచుకునే రాయి పైభాగం 50 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి, గూట్లో మరో పక్క చల్లగా ఉండాలి. మునిగేంత నీటి తొట్టి పెట్టాలి. నీరు చాలకపోతే యూరిక్ ఆమ్లం మూత్రపిండాల్లో, కీళ్లలో పేరుకుంటుంది. అడుగున లోతుగా మట్టి పోసి పురుగులను అందులో వదిలితే తవ్వుకుని తింటుంది, పొట్టా తగ్గుతుంది. ఈలోగా సరీసృపాల వైద్యుడి దగ్గర రక్తపరీక్ష, ఎక్స్‌రే తీయించమనండి. నడవలేని స్థితిలో ఉంది కాబట్టి ఇది వాయిదా వేయదగ్గది కాదు.

ప్రశ్న: వేరుశనగ చేనులో ఉడుము పిల్ల దొరికింది. పెంచుకుందామని తెచ్చాను. పాలు పోస్తే తాగడం లేదు. ఏం పెట్టాలి?
– ఒక యువరైతు, అచ్చంపేట

జవాబు: ఏమీ పెట్టవద్దు తమ్ముడూ. మన ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పట్టుకోవడం, పెంచడం జైలుశిక్ష పడే నేరాలు. నీ వేరుశనగను తినే వేరుపురుగును తవ్వి తినే జీవి అది. ఈ రోజే అటవీశాఖ వారికి ఫోన్ చేసి అప్పగించు. వాళ్లు వచ్చేదాకా గాలి ఆడే గుడ్డ సంచిలో, నీడలో ఉంచు. పాలు మాత్రం మళ్లీ పోయవద్దు, దానికి అరగవు.