గుండెకు రక్తం ఎలా అందుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందంటే యాంజియోగ్రామ్ చేయించాం. ఎల్‌ఏడీ అనే రక్తనాళంలో 70 శాతం పూడిక ఉందన్నారు. గుండె నిండా రక్తమే ఉంటుంది కదా, మళ్లీ విడిగా రక్తనాళాలెందుకు? ఇంత పూడిక ఉన్నా కూర్చున్నప్పుడు నొప్పి ఎందుకు రావడం లేదు?

జవాబు: గుండె గదుల్లోని రక్తం వాటి లోపలి పొరను ఆనుకున్న అతి పలుచని భాగానికి మాత్రమే ఉపయోగపడుతుంది. ఎడమ జఠరిక (గుండె ఎడమవైపు కింది గది) గోడ దాదాపు ఒక సెంటీమీటరు మందం ఉంటుంది కనుక, ఆ కండరానికి ఆక్సిజన్ కరోనరీ ధమనుల ద్వారానే అందాలి. ఇవి బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) మొదట్లో, కవాటానికి కాస్త పైన కుడి, ఎడమలుగా బయల్దేరి, గుండె బయటి ఉపరితలం మీద పాకుతూ కొమ్మలను కండరంలోకి పంపుతాయి. ఎడమ ధమని చీలికల్లో ముందువైపు కిందికి దిగేదే ఎల్‌ఏడీ. గుండె ముందు గోడకూ, జఠరికల మధ్య గోడలో ఎక్కువ భాగానికీ రక్తం ఇచ్చేది అదే కాబట్టి అక్కడి పూడికను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక నొప్పి సంగతి. విశ్రాంతిలో ఉన్నప్పుడే గుండె కండరం తనకు చేరిన ఆక్సిజన్‌లో సుమారు 70 శాతాన్ని తీసేసుకుంటుంది. అందువల్ల శ్రమ పెరిగినప్పుడు రక్తప్రవాహం పెరగడం తప్ప దానికి వేరే దారి లేదు. ఆరోగ్యవంతుల్లో అది నాలుగైదు రెట్ల వరకూ పెరగగలదు. పూడిక ఉన్నచోట దిగువనున్న సన్నని నాళాలు ముందుగానే విప్పారి విశ్రాంతి సమయపు అవసరాన్ని నెట్టుకొస్తాయి కానీ, మెట్లెక్కేటప్పుడు ఇంకా విప్పారే వీలు వాటికి పెద్దగా మిగలదు. పైగా ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు దాని గోడలోని నాళాలు నొక్కుకుపోతాయి, అది వదులైన క్షణాల్లోనే రక్తం ఎక్కువగా పారుతుంది. గుండె వేగం పెరిగితే ఆ వ్యవధి కూడా తగ్గిపోతుంది. బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి మేలు చేసేది ఇందుకే. వాటిని సొంతంగా ఆపడం ప్రమాదకరం.

స్టెంట్ అవసరమా అన్నది ఒక్క 70 శాతం అంకెతో తేలదు. మందులు వాడుతున్నా నొప్పి వస్తోందా, మిగతా ధమనులు ఎలా ఉన్నాయి, పూడికకు అవతల ఒత్తిడి ఎంత పడిపోతోంది అన్నవన్నీ మీ కార్డియాలజిస్టు చూస్తారు. అయితే విశ్రాంతిలోనే నొప్పి వచ్చినా, కూర్చున్నాక కొద్ది నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే అంబులెన్సులో ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.