ఉప్పునీటి అక్వేరియానికి వంటింటి ఆర్ఓ నీళ్లు పనికొస్తాయా?

మీ ప్రశ్న ఇది: నెల్లూరులో ఇంట్లో 90 లీటర్ల మెరైన్ ట్యాంకు పెట్టబోతున్నారు. క్లౌన్ చేపలు, రెండు మూడు రొయ్యలు, తర్వాత మెత్తటి కోరల్స్ వేయాలని ఉంది. బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1200 చూపిస్తోంది. వంటింటి ఆర్ఓ నీళ్లు చాలా, వేరే ఆర్ఓ-డీఐ యూనిట్ కొనాలా, లేక మైపాడు బీచ్ నుంచి సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చా అని అడిగారు.

నేను కావలిలో ఉంటాను. మా బోరు మీ బోరు కంటే ఉప్పన. ఇంట్లో కోరల్ ట్యాంకు కొన్నేళ్లుగా నడుస్తోంది. వంటింటి ఆర్ఓ కుళాయి నుంచి వచ్చే నీళ్లు మాత్రం ట్యాంకులో పోయకండి. అలాగని ఖరీదైన యూనిట్ తెప్పించాల్సిన పనీ లేదు. మంచి మెంబ్రేన్ (ఆర్ఓలో లవణాలను ఆపే పొర), దాని తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలనూ పట్టేసే గుళికలు) ఉంటే చాలు. రెండూ మన ఊళ్లలో ఆర్ఓ బాగుచేసే వాళ్ల దగ్గరో, వాళ్ల ద్వారానో దొరుకుతాయి.

వంటింటి యూనిట్‌తో ఇబ్బంది మెంబ్రేన్ వల్ల కాదు, దాని తర్వాత జరిగే పని వల్ల. తాగే నీళ్లకు రుచి రావాలని చాలా మోడళ్లలో టీడీఎస్ కంట్రోలర్ పెడతారు. అది శుద్ధయిన నీళ్లలో కొంచెం శుద్ధి కాని నీళ్లు మళ్లీ కలుపుతుంది. మినరల్ క్యాట్రిడ్జ్ ఉంటే అదీ తన వంతు కలుపుతుంది. ఈమధ్య కాపర్ క్యాట్రిడ్జ్ ఉన్నవీ ఎక్కువగా వస్తున్నాయి. మనిషికి దాంతో ఇబ్బంది లేకపోవచ్చు కానీ రొయ్యలు, నత్తలు, కోరల్స్ రాగిని తట్టుకోలేవు. జబ్బు చేసిన చేపలకు రాగి మందు వేసేటప్పుడు లీటరుకు 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాములు ఉంచుతారు. ఆ మోతాదుకే రొయ్యలు చచ్చిపోతాయి. కాబట్టి మీ యూనిట్‌లో కాపర్ ఉందేమో ముందు చూడండి.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఉప్పు కలిపాక ట్యాంకులో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే టీడీఎస్ సుమారు 35,000. దాని ముందు కుళాయి నీళ్లలోని 100 ఎంత అని. అంకె చూస్తే నిజమే. కానీ చూడాల్సింది ఆ వందలో ఏముందన్నది. తాగునీటికి మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. అది, ఫాస్ఫేట్, సిలికా కలిస్తే గోధుమ రంగు పాచి అద్దాలకు, ఇసుకకు పట్టి వదలదు. పైగా ట్యాంకులో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. ఎండాకాలం తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. రోజుకు 2 లీటర్లు, టీడీఎస్ 150 ఉన్నవి పోస్తే నెలకు 9 గ్రాములు లోపలే పేరుకుంటాయి. నీళ్లు మార్చినప్పుడు తప్ప అది బయటకు పోయే దారి లేదు.

మీ బోరు నెల్లూరులో కాకుండా, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే కనిగిరి, పొదిలి వైపు అయితే దాని గురించి కూడా అడిగేవాళ్లు. సముద్రపు నీటిలోనే సహజంగా లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. మెంబ్రేన్ చాలావరకు ఆపేస్తుంది కూడా. ఆ నీళ్లతో ట్యాంకుకు టెన్షన్ అక్కర్లేదు. కానీ ఆర్ఓ వదిలేసే వేస్ట్ నీళ్లలో అది చిక్కబడుతుంది, పశువులకు పెట్టకూడదు.

మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఒడ్డున నీళ్లు ముంచుకోవడం నాకు నచ్చదు. వానాకాలం తర్వాత వాగులు, నదులు కలిసి ఒడ్డున ఉప్పదనం తగ్గుతుంది, బురద ఉంటుంది. రొయ్యల చెరువుల నీళ్లు కాలువల ద్వారా అక్కడికే చేరతాయి. మన తీరంలో రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలే ఆ నీళ్లను నిలవబెట్టి, ఇసుక ఫిల్టర్ దాటించి, క్లోరిన్ వేసి, అది పోయాకే వాడతాయి. ఇంట్లో అదంతా చేయడం కంటే శుద్ధయిన నీళ్లలో అక్వేరియాల కోసం అమ్మే మెరైన్ ఉప్పు ప్యాకెట్ కలుపుకోవడమే నయం.

ఇప్పుడు సెటప్. మట్టి, నలుసులు ఆపే 5 మైక్రాన్ల స్పన్ ఫిల్టర్, కార్బన్ బ్లాక్, ప్రెషర్ పెంచే బూస్టర్ పంపు, 75 లేదా 80 జీపీడీ (రోజుకు గ్యాలన్లు) మెంబ్రేన్, ఆఖరున మిక్స్‌డ్ బెడ్ డీఐ రెజిన్ నింపిన హౌసింగ్. బూస్టర్ పంపు లేకుండా పని నడవదు. ఒక అంతస్తు ఎత్తులోని ట్యాంకు నుంచి 5 పీఎస్ఐ ప్రెషర్ కూడా రాదు, మెంబ్రేన్‌కు 50, 60 కావాలి. వంటింట్లో ఇప్పటికే మంచి మెంబ్రేన్ ఉంటే, దాని బయటకు వచ్చే పైపుకు టీడీఎస్ కంట్రోలర్ కలిసేలోపే టీ-జాయింట్ వేయించి, ఆ లైను డీఐకి ఇవ్వొచ్చు. నా సెటప్ అదే.

డీఐ ఎంతకాలం వస్తుందన్నది మెంబ్రేన్ మీద ఆధారపడుతుంది. మీ 1200లో 97 శాతం ఆపితే 36 వస్తుంది. 90 శాతమే ఆపితే 120. అప్పుడు రెజిన్ మూడింతలు త్వరగా అయిపోతుంది. అందుకే టీడీఎస్ మీటర్ మూడు చోట్ల పెట్టి చూడండి: లోపలికి వచ్చే నీళ్లు, మెంబ్రేన్ తర్వాత, డీఐ తర్వాత. చివరిది 0 ఉండాలి. పంపు ఆన్ చేసిన కొత్తలో మెంబ్రేన్ నీళ్ల రీడింగ్ ఎక్కువగా వస్తుంది, కాసేపటికి దిగుతుంది. ఆ మొదటి నీళ్లు డీఐకి పోనివ్వకుండా బకెట్‌లోకి వదలండి. రెజిన్ చాలా మిగులుతుంది. రంగు మారే రెజిన్ తీసుకుంటే, మార్పు ఒక చివర నుంచి మెల్లగా పాకడం పారదర్శక హౌసింగ్‌లో కనిపిస్తుంది. డీఐ తర్వాతి మీటర్ 0 దాటగానే మాత్రం రంగు మిగిలి ఉన్నా మార్చేయండి. అయిపోయిన రెజిన్ పట్టుకున్న సిలికాను తిరిగి వదిలేస్తుంది.

శుద్ధయిన నీళ్లు మూతున్న ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ములోనే పట్టండి, ఇత్తడి కుళాయి వద్దు.

ముందుగా మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి, రొయ్యల రైతులు వెళ్లే ఆక్వా ల్యాబ్‌లో హార్డ్‌నెస్, ఆల్కలినిటీ చూపించండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కూడా ఆ చుట్టుపక్కల షాపుల్లో దొరుకుతుంది. ఆ రిపోర్టు ఇక్కడ పెడితే, మెంబ్రేన్‌కు ముందు సాఫ్ట్‌నర్ (నీటి హార్డ్‌నెస్ తగ్గించే పరికరం) కావాలో వద్దో చూసి చెబుతాను.