వర్డ్‌లో గీత పడలేదు, అర్థం మాత్రం తిరగబడింది

ప్రశ్న: ఆఫీసు మెయిల్‌లో ‘అన్‌లెస్ యు డోంట్ అప్‌డేట్ ద యాప్, ఇట్ విల్ నాట్ ఓపెన్’ అని రాశాను. వర్డ్ ఎక్కడా గీత పెట్టలేదు. అర్థం తలకిందులైందని మేనేజర్ అన్నారు. ఇలాంటివి వర్డే పట్టుకునేలా చేయవచ్చా?

జవాబు: కొంతవరకే. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి రైటింగ్ స్టైల్ పక్కనున్న సెట్టింగ్స్ నొక్కండి. కొత్త వెర్షన్లలో క్లారిటీ కింద డబుల్ నెగేషన్ (ఒకే వాక్యంలో రెండు వ్యతిరేకాలు) అనే గడి ఉంటుంది. టిక్ పెట్టండి. ‘ఐ డోంట్ నో నథింగ్’ లాంటి వాటి కోసమే అది. మీ వాక్యానికి అది చాలదు. అన్‌లెస్‌లోనే ‘కాకపోతే’ దాగి ఉంది. దానికి డోంట్ తగిలించేసరికి, అప్‌డేట్ చేస్తే యాప్ తెరుచుకోదని చెప్పినట్టయింది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు మరి, గీత ఎందుకు పడుతుంది? డోంట్ తీసేయండి. ‘ముందు అప్‌డేట్ చేయండి’ అని సూటిగా రాస్తే ఇంకా మేలు.

ఈ పొరపాటు మనకు ఊరికే రాదు. తెలుగులో ‘ఎవరూ’ అన్నాక ‘రాలేదు’ అనాల్సిందే. ఆ అలవాటుతోనే నోబడీ పక్కన డిడ్‌నాట్ చేరుతుంది. అలాగని రెండు వ్యతిరేకాలు వచ్చిన ప్రతిసారీ తప్పని కాదు. ‘వర్షం పడే అవకాశం లేకపోలేదు’ అంటే మనలో ఎవరూ తికమకపడరు. ఇంగ్లిషు ‘నాట్ అన్‌కామన్’ కూడా అంతే. కాబట్టి గీత పడిన ప్రతిదాన్నీ చెరిపేయకండి. అసలు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లే ఈ రెండు వ్యతిరేకాల తికమకను తప్పించుకోలేదు. విండోస్ గ్రూప్ పాలసీలో, అంటే కంప్యూటర్‌కు నియమాలు పెట్టే చోట, ‘టర్న్ ఆఫ్ ఆటోప్లే’ అని ఒకటుంది. పెన్‌డ్రైవ్ లాంటిది పెట్టగానే దానంతటదే తెరుచుకోవడమే ఆటోప్లే. ఆటోప్లే ఆగాలంటే దాన్ని ఎనేబుల్ చేయాలి! అక్కడికి వెళ్లిన ప్రతిసారీ నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది.

ప్రశ్న: రెజ్యూమేలో నా పనుల వరుస ‘టెస్టింగ్ యాప్స్, రైటింగ్ రిపోర్ట్స్ అండ్ టు ట్రైన్ జూనియర్స్’ అని ఉంది. పొంతన లేదంటున్నారు. దీనికి ఏ టూల్ వాడాలి?

జవాబు: ఎంటర్ కీ చాలు. ఒక్కో పనిని ఒక్కో లైన్‌లోకి దించి, మొదటి మాటలను మాత్రమే పైనుంచి కిందికి చదవండి. టెస్టింగ్, రైటింగ్, టు ట్రైన్. బంతిలో మూడో మనిషి ఒక్కడే నిలబడి తింటున్నట్టు లేదూ? ట్రైనింగ్ అని మార్చి మళ్లీ ఒకే లైన్‌లో కలిపేయండి. అనుమానం వస్తే తెలుగులో అనుకోండి: పరీక్షించడం, రాయడం, నేర్పడం. చివరి మాట దగ్గర ‘నేర్పడానికి’ అని మన నోట రాదు. పెద్ద పత్రమైతే రివ్యూ ట్యాబ్‌లోని రీడ్ అలౌడ్ నొక్కి వినండి. కంటికి ఆనని తేడా చెవికి తగులుతుంది.