ఇంటి ఇంధనం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది సొంత డాబా ఇల్లు. ఏడాది సగటు చూస్తే నెలకు 260 యూనిట్లు కాలుతోంది. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే సూర్యఘర్ పథకం కింద ప్యానెళ్లు పెట్టించుకుందామని ఒక వ్యాపారిని పిలిస్తే, ఐదు కిలోవాట్లు పెట్టిస్తే ఇక కరెంటు బిల్లు అన్న మాటే ఉండదని చెప్పారు. నమ్మవచ్చునా? కరెంటు పోయినప్పుడు కూడా ఇంట్లో దీపాలు వెలుగుతాయా?
– గృహిణి, నరసరావుపేట

సమాధానం: మీ అవసరానికి ఐదు కిలోవాట్లు చాలా ఎక్కువ. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. ఆ లెక్కన ఐదు కిలోవాట్లకు నెలకు 600 యూనిట్లు వస్తాయి; మీరు వాడుతున్నది అందులో సగం కూడా లేదు. మిగిలిన కరెంటు, వచ్చిన కరెంటునూ పోయిన కరెంటునూ రెండింటినీ లెక్కించే నెట్ మీటరు ద్వారా విద్యుత్ పంపిణీ సంస్థకు వెళ్లే మాట నిజమే కాని, లెక్క తేల్చినప్పుడు ఆ మిగులుకు వారు కట్టే ధర సాధారణంగా మనం కొనే ధర కన్నా తక్కువే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడోదానికి 18,000 రూపాయలు రాయితీగా ఇస్తారు. మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. అంటే నాలుగో కిలోవాట్, ఐదో కిలోవాట్ పూర్తిగా మీ సొంత డబ్బుతో పెట్టించుకుంటున్నట్టే. ఇక బిల్లు పూర్తిగా మాయమవుతుందనడం కూడా సరి కాదు. స్థిర చార్జీల వంటివి ఎలాగూ వస్తాయి.

వ్యాపారిని మళ్లీ పిలిచే ముందు ఒకసారి తలెత్తి ఇంట్లోని ఫ్యాన్లను చూడండి. పాత రకం సీలింగు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది. కరెంటు తక్కువ తీసుకునే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని సుమారు 30 వాట్లతో ఇస్తుంది. రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యాను దగ్గర దీనివల్ల నెలకు 19 యూనిట్లు మిగులుతాయి. అలాంటివి నాలుగు మారిస్తే 76 యూనిట్లు తగ్గి, మీ వాడకం 185 దగ్గరకు దిగుతుంది. అప్పుడు నెలకు 240 యూనిట్లిచ్చే రెండు కిలోవాట్లే మీకు సరిపోతాయి. నాలుగు ఫ్యాన్ల ఖర్చు, మూడో కిలోవాట్‌కు అయ్యే ఖర్చు కన్నా తక్కువే. ఈ వరుసలో ముందు ఫ్యాన్లు, తరువాత ప్యానెళ్లు అని ఏ వ్యాపారీ చెప్పరు. చెబితే వారి సరుకు తగ్గిపోతుంది కదా.

ఇక డాబా మీద చోటు సంగతి. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని స్థలం కావాలి. మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. వాస్తు ప్రకారం బరువూ ఎత్తూ నైరుతిలో ఉండాలని నీళ్ల ట్యాంకునూ మెట్ల గదినీ అక్కడే కడతాము. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక, మధ్యాహ్నం తిరిగాక ఆ ట్యాంకు నీడ సాగి సాగి ఈశాన్యం వైపు, అంటే డాబా మధ్యకే పడుతుంది. ప్యానెళ్లను ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో కలుపుతారు కాబట్టి, ఒక్క పలక మీద పడిన నీడైనా వరుస మొత్తం ఉత్పత్తిని దెబ్బ తీయగలదు. మే నెలలో కొలతలు తీసుకుంటే ఈ నీడ కనిపించదు. అందుకని డిసెంబరు ఎండ ఎలా పడుతుందో అడిగి తెలుసుకున్నాకే స్థలం ఖాయం చేయించండి. ప్యానెళ్లు దక్షిణం వైపు చూస్తూ, మీ ఊరి అక్షాంశానికి దగ్గరగా, అంటే 16 డిగ్రీల వాలుతో ఉంటే మంచిది.

ఎండ మండే రోహిణి కార్తెలో ఉత్పత్తి అన్నిటికన్నా ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. పలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నాల్లో పలక 60 డిగ్రీలకు చేరితే సుమారు 14 శాతం అక్కడే పోతుంది. కింద గాలి ఆడేలా కాస్త ఎత్తులో బిగించడం అందుకే. వడియాలు ఎండబెట్టుకోవడానికి కింద చోటు మిగులుతుందని మనిషి ఎత్తున స్తంభాలు వేయించుకునేవారూ ఉన్నారు. అది సౌకర్యమే కాని, ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది, బిగింపు ఖర్చూ పెరుగుతుంది.

మీ చివరి ప్రశ్నకు జవాబు: వెలగవు. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే, బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టరు, లైన్లో కరెంటు ఆగిన మరుక్షణం తనంతట తానే ఆగిపోతుంది. మన మేడ మీది కరెంటు లైనులోకి వెళితే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. కాబట్టి ఇంట్లో ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టరును తీసేయకండి.

ప్రశ్న: మాది అయిదంతస్తుల అపార్టుమెంటులో పై ఫ్లాటు. స్లాబు వేడికి వేసవిలో రాత్రి పన్నెండయినా గది చల్లబడదు. టెర్రస్ అందరిదీ కావడం వల్ల ప్యానెళ్లు పెట్టుకోలేను. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ముందు స్లాబుకు తెల్ల పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది కూడా ఇందుకే. తెల్లని పైకప్పు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. మామూలు కాంక్రీటు దాన్ని పగలంతా పీల్చుకుని రాత్రి మీ గదిలోకి దింపుతుంది. సున్నంలో జిగురు కలిపి వేసే పూత చవక, కాని ఒకటి రెండు వానలకే వెలుస్తుంది. కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది. ఏసీ ఉంటే 24 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాను కూడా వేసుకోండి. ఒక డిగ్రీ పెంచితే ఏసీ వాడే కరెంటులో దాదాపు ఆరు శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది.

ప్యానెళ్ల మాటను మీ సంఘం సమావేశంలో ఎత్తవచ్చు. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు వంటి ఉమ్మడి అవసరాలకు సంఘం సోలార్ పెట్టుకుంటే, పైన చెప్పిన సూర్యఘర్ పథకం కిందే కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఉంది. బిగించిన ప్యానెళ్ల నీడ మీ స్లాబు మీదే పడుతుంది కాబట్టి, ఈ ప్రతిపాదన తేవడానికి మీకన్నా తగినవారు ఆ భవనంలో లేరు.

ప్రశ్న: నాకు రెండు గేదెలున్నాయి. మా నాన్నగారి కాలంలో గోబర్ గ్యాస్ ఉండేది. ఇనుప డ్రమ్ము తుప్పు పట్టాక వదిలేశారు. మళ్లీ కట్టించుకోవచ్చునా?
– రైతు, సూర్యాపేట జిల్లా

సమాధానం: కట్టించుకోవచ్చు, కాని రోజుకు రెండు ఘనమీటర్ల గ్యాసు ఇచ్చే పెద్దది వద్దు. ఒక ఘనమీటరు గ్యాసుకు రోజుకు దాదాపు 25 కిలోల పేడ కావాలి. రెండు గేదెలు ఇచ్చేది ఇంచుమించు అంతే. పెద్దది కట్టి సగం కడుపుతో నడిపితే గ్యాసు సరిగా రాదు, చివరికి దాన్నీ వదిలేస్తారు. ఈసారి ఇనుప డ్రమ్ము లేకుండా, భూమిలో ఇటుక గుమ్మటంగా కట్టే దీనబంధు నమూనాను ఎంచుకోండి. అందులో తుప్పు పట్టేది ఏమీ లేదు. అయితే గుమ్మటంలో సన్నని పగులున్నా గ్యాసు జారిపోతుంది కనుక, ఆ పని ఇంతకుముందు చేసిన మేస్త్రీతోనే చేయించాలి.

పేడకు సమానంగా నీళ్లు కలిపి పోయండి. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు అందులోకి పోనివ్వకండి. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒక ఘనమీటరు గ్యాసు సుమారు 0.43 కిలోల వంటగ్యాసుకు సమానం. ఆ లెక్కన నెల రోజుల గ్యాసు, 14.2 కిలోల సిలిండరు ఒకటికి కొంచెం తక్కువ. చలికాలంలో ఇంకా తగ్గుతుంది కాబట్టి ఇంట్లో ఒక సిలిండరు ఉంచుకోండి. పిడకలుగా కాలిస్తే పేడలోని నత్రజని పొగలో పోతుంది. ఇక్కడ అది బయటికి వచ్చే జారు పేడలో మిగిలి మీ చేనుకు చేరుతుంది. నన్నడిగితే గ్యాసు కన్నా ఆ ఎరువు కోసమే దీన్ని కట్టుకోవాలంటాను.

ప్రశ్న: రామగిరి కొండల మీది గాలిమరలు చూసినప్పుడల్లా మా డాబా మీద చిన్నది ఒకటి పెట్టుకోవాలనిపిస్తుంది. ఉపయోగం ఉంటుందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ధర్మవరం

సమాధానం: ఉండదు. గాలి వేగం సగానికి తగ్గితే దాని నుంచి వచ్చే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కొండ మీద, ఎత్తయిన స్తంభానికి తగిలే గాలి వేరు. చుట్టూ ఇళ్ల మధ్య సుడులు తిరిగి డాబాను చేరే గాలి వేరు. ఆ డబ్బుతో ప్యానెళ్లు పెట్టించుకోండి.

ప్రశ్న: సోలార్ వాటర్ హీటరు కొంటే గీజరు ఖర్చు మిగులుతుందని అంటున్నారు. ఇంట్లో నలుగురం. మాకు బోరు నీళ్లు, బాగా ఉప్పు.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: పదిహేను లీటర్ల బకెట్ నీళ్లు వేడి చేయడానికి దాదాపు యూనిట్‌లో మూడో వంతు పడుతుంది. నలుగురికీ కలిపి రోజుకు ఒకటిన్నర యూనిట్ల లోపే. ఒంగోలులో వేడినీళ్లు నిజంగా అవసరమయ్యేది ఏడాదికి వంద రోజులనుకుంటే, మిగిలేది 150 యూనిట్లు కూడా ఉండదు. దానికోసం వేలకు వేలు పెట్టడం దండగ. పైగా మీ ఉప్పు నీళ్లకు గొట్టాల్లో గార పేరుకుని, ఏటా శుభ్రం చేయించే ఖర్చు అదనం. నడుము నొప్పి వంటి కారణంతో ఏడాది పొడవునా వేడినీళ్లు కావలసిన పెద్దవారు ఇంట్లో ఉంటే మాత్రం, బోరు నీళ్లు నేరుగా గొట్టాల్లోకి వెళ్లని, వేడిని మాత్రమే అందించే హీట్ ఎక్స్ఛేంజర్ రకాన్ని అడగండి. లేదంటే ఉన్న గీజరునే స్నానానికి పావుగంట ముందు వేసి, బకెట్ నిండగానే కట్టేయండి.