ఖాతా పుస్తకంలో ‘పొడుగు నల్లోడు’

మీ ప్రశ్న సారాంశం ఇది: విశాఖ ఎంవీపీ కాలనీలోని మీ ఇంటి పై వాటాను నాన్నగారు ఇద్దరు ఆఫ్రికా విద్యార్థులకు అద్దెకిచ్చారు. వారిని ఆయన ‘నీగ్రోలు’ అంటుంటే మీకు ఇబ్బందిగా ఉంది. అలా అనవద్దంటే, ‘మా పాఠ్యపుస్తకాల్లో అలాగే ఉండేది, అది తిట్టెప్పుడైంది?’ అని ఆయన మిమ్మల్నే అడుగుతున్నారు.

ముందుగా మీ నాన్నగారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన అబద్ధమాడటం లేదు. ఆ రోజుల్లో తెలుగు పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ ఆ మాట మామూలుగానే కనిపించేది. 1963లో వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో అమెరికా నల్లజాతి నేత మార్టిన్ లూథర్ కింగ్ సైతం తనవారిని ఆ మాటతోనే ప్రస్తావించాడు. అయితే ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి అక్కడి యువతరం, ఇతరులు తగిలించిన ఆ పేరును వదిలిపెట్టి, తమను తాము ‘బ్లాక్’ అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. అమెరికా సమాఖ్య చట్టాల్లో ఇంకా మిగిలిపోయిన చోట్ల ఆ పదాన్ని తీసివేసే బిల్లుపై 2016లో ఒబామా సంతకం చేశారు. ఆ కబురు మన వాల్తేరుకు చేరడం కాస్త ఆలస్యమైందని సరిపెట్టుకోవచ్చు.

నాకు ఆ సాకు కూడా లేదు. నేను వాడిన మాట అచ్చ తెలుగుది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గర నాకు ఇరవై ఏళ్ళకు పైగా జిరాక్స్, బైండింగ్ దుకాణం ఉంది. పరిశోధక విద్యార్థులు నెలంతా కాపీలు తీయించుకుని, ఉపకార వేతనం చేతికి వచ్చాక బాకీ తీరుస్తారు కనుక ఒక పొడవాటి ఖాతా పుస్తకం పెట్టుకుంటాను. ఇథియోపియా నుంచి పీహెచ్‌డీకి వచ్చిన వారిలో ఒకాయన తీరిక దొరికినప్పుడల్లా దుకాణాల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకునేవాడు. వారి అమ్హారిక్ లిపిలోనూ ప్రతి హల్లుకు అచ్చును బట్టి ఏడు రూపాలుంటాయట. అందుకే మన గుణింతం తనకు కొత్తగా అనిపించలేదని చెప్పేవాడు. ఒక సాయంత్రం నేను యంత్రంలో ఇరుక్కున్న కాగితం తీస్తుండగా ఆయన తెరిచి ఉన్న ఖాతా మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ‘పొ-డు-గు న-ల్లో-డు’ అని పైకి చదివి, ‘ఇది నేనా?’ అని అడిగాడు. ఎదురుగా ఉన్న మొత్తం, మూడు వందల నలభై రూపాయలు, ఆయన బాకీయే కనుక కాదనడానికి వీలు లేకపోయింది.

ఆ కింది వరుసలో ‘కళ్ళజోడు నల్లోడు’ కూడా ఉన్నాడు.

నలుపు మనకు తిట్టు కాదని ఆ రాత్రి నాకు నేనే చాలాసేపు చెప్పుకున్నాను. మన దేవుడు నల్లనయ్య, మా తాతగారి పేరు నల్లయ్య. ఇంట్లో పిల్లవాణ్ణి ‘నల్లోడా’ అని ముద్దు చేస్తాం. ఈ వాదనతో నాకు నేను దాదాపు నచ్చజెప్పుకున్నాక, మర్నాడు దుకాణం తెరిచి అదే పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. మనవాళ్ళలో పేరు తెలియనివారిని నేను ‘బాటనీ మేడం’ అనో, ‘రాజాం మేష్టారు’ అనో, ‘హాస్టల్ కుర్రాడు’ అనో రాసుకున్నాను. చేసే పనో, వచ్చిన ఊరో, ఉండే చోటో చూసి గుర్తు పెట్టుకున్నాను తప్ప ఒంటి రంగు చూసి ఒక్కరినీ రాసుకోలేదు. వారిలో నాకంటే, ఆ మాటకొస్తే ఆయనకంటే నల్లనివారు లేకపోలేదు. పైగా మన మేష్టారికి ‘గారు’ చేర్చకపోతే నాలుక కరుచుకునే నేను, తన దేశంలో కళాశాలలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషికి ‘ఓడు’ చేర్చాను. పట్టి చూస్తే రంగు కంటే ఆ ‘ఓడు’లోనే ఎక్కువ విషముంది.

‘ప్రేమతోనే అన్నాం’ అనే సమాధానం మీ నాన్నగారి నోట కూడా వస్తుంది. 2020లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ, ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టుకు ఆడినప్పుడు తనను ‘కాలూ’ అని పిలిచేవారని, దానికి ‘బలశాలి’ అని అర్థమనుకున్నానని, అసలు అర్థం ‘నల్లోడు’ అని ఆలస్యంగా తెలిసి కోపం వచ్చిందని చెప్పాడు. అన్నవారిలో ఒకరు తనతో మాట్లాడి అది ప్రేమతో అన్నదేనని చెప్పారని కూడా తరువాత ఆయనే తెలిపాడు. అది నిజమే కావచ్చు. మా తమ్ముణ్ణి చెన్నైలో, తెలుగువాళ్ళను వెక్కిరించే ‘గొల్టీ’ అనే మాటతో పిలిచినవారు కూడా స్నేహితులే. అయినా పండక్కి ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ వాడు అన్నం సగంలో వదిలి లేచిపోయాడు.

చట్టం మాట క్లుప్తంగా చెబుతాను. కులం పేరును ధ్రువపత్రంలో రాయడం నేరం కాదు. అదే పేరుతో ఎస్సీ, ఎస్టీలను అవమానించే ఉద్దేశంతో పదిమందిలో పిలిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విదేశీ విద్యార్థికి ఆ చట్టం వర్తించదు కనుక నాన్నగారికి కేసుల భయం చూపించకండి.

ఆ ఇథియోపియా ఆయన తన థీసిస్ బైండింగ్ మా దగ్గరే చేయించుకున్నాడు. అట్ట మీద బంగారు అక్షరాలతో అచ్చు వేయడానికి పూర్తి పేరు రాసిమ్మన్నప్పుడు, రెండోది ఇంటిపేరు కాదని, తండ్రి పేరని, వారికి ఇంటిపేర్లుండవని అప్పుడే నాకు తెలిసింది. మూడేళ్ళు బాకీ రాసుకున్న మనిషి పేరు నేను సరిగ్గా రాయడం అదే మొదలు.

మీ నాన్నగారికి నాకంటే తేలిక. విదేశీయుడు ఇంట్లో దిగిన ఇరవై నాలుగు గంటల్లోగా ఇంటి యజమాని ఆయన వివరాలను నిర్ణీత ఫారంలో అధికారులకు సమర్పించాలి, అందులో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయాలి. ఆయన ఆ పని చేసే ఉంటారు. ఆ కాగితం ఒకసారి తీయించి, పై వాటావారి పేర్లు ఎలా పలకాలో మేడెక్కి వారినే అడగమనండి.