రోజూ ఒకే టైముకి చూస్తే ఆ చుక్కలు పట్టుబడవు

రాయగడలో ఉంటున్నాను, 6 అంగుళాల టెలిస్కోప్, డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నాయి, గోళాకార తారాగుచ్ఛాల్లో (బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపుల్లో) వెలుగు మారే నక్షత్రాలు ఇంటి నుంచి దొరుకుతాయా అని అడిగారు. దొరుకుతాయండి. పర్లాకిమిడిలో మా డాబా మీద నేను దాదాపు అదే సామానుతో చేశాను. కాకపోతే మొదటి నెలంతా వృథా చేసుకున్నాను. ఆ నెల మీకైనా మిగలాలని ఈ జవాబు.

వృశ్చికంలో జ్యేష్ఠ పక్కనే ఉండే ఎం4 అనే గుచ్ఛంతో మొదలుపెట్టాను. సుమారు 6,000 కాంతి సంవత్సరాల దూరం. గోళాకార గుచ్ఛాల్లో అది బాగా దగ్గరది కాబట్టి అందులోని ఆర్‌ఆర్ లైరే తారలు (గంటల్లోనే వెలుగు పెరిగి తగ్గే రకం) 13వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి, కెమెరాకి చిక్కుతాయి. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. రోజూ భోజనం చేసి సరిగ్గా పదిన్నరకి డాబా ఎక్కేవాణ్ణి, నాలుగు ఫొటోలు తీసి దిగిపోయేవాణ్ణి. వారం తర్వాత పోల్చి చూస్తే చుక్క ఎక్కడి వెలుగు అక్కడే! వేరే చుక్కను చూస్తున్నానేమోనని చార్టు తిప్పితిప్పి చూశాను. కెమెరానీ అనుమానించాను. చాలా రోజులకి తట్టింది: నేను ఎంచుకున్నదాని ఆవర్తనకాలం, అంటే వెలుగు ఒక చుట్టు పెరిగి తగ్గే సమయం, దాదాపు అరరోజు. నేను మళ్ళీ వచ్చేసరికి అది రెండు చుట్లు తిరిగి మొదటికే వచ్చి ఉంటుంది. గుణుపూర్ బస్సు స్టాండులో ఆగే టైముకే రోజూ వెళ్ళి, ఈ బస్సు కదలదు కాబోలు అనుకున్నట్టే.

ఆ శనివారం రాత్రి పది నుంచి మూడున్నర దాకా పావుగంటకోసారి తీశాను. పెళ్ళిళ్ళ సీజన్, వీధంతా సీరియల్ లైట్లు. నడుమ కరెంటు పోతే ఇంట్లోవాళ్ళు తిట్టుకున్నారు, నేను మాత్రం పండగ చేసుకున్నాను. ఒంటిగంట దాటాక చుక్క వెలుగు పెరగడం మొదలైంది. రెండు గంటలు తిరక్కముందే, అంతవరకూ తనకంటే వెలుగున్న పక్క నక్షత్రాన్ని దాటేసింది. వీటి తీరే అంత, గబగబా ఎక్కి మెల్లగా దిగుతాయి.

గుచ్ఛం మధ్యలో చుక్కలన్నీ ముద్దగా కలిసిపోతాయి, అంచున ఉన్నదాన్నే పట్టుకోండి. అదే ఫొటోలో వెలుగు మారని రెండు చుక్కలతో పోల్చండి. టైము నిమిషంతో సహా రాయండి.

కెమెరా తలనొప్పి వద్దనుకుంటే ఎం5 అనే మరో గుచ్ఛంలో 42వ చరతార (వెలుగు మారే నక్షత్రం) ఉంది. 10.6 నుంచి 12.1 మాగ్నిట్యూడ్ దాకా సుమారు 26 రోజుల్లో ఊగుతుంది, ఐపీస్‌లో కంటితోనే తెలుస్తుంది. రెండు మూడు రోజులకోసారి చూస్తే చాలు, నిద్ర పాడవదు.

ఒమేగా సెంటారై అనే గుచ్ఛం మన వైపు 23 డిగ్రీల ఎత్తుకే లేస్తుంది, మీ దక్షిణాన కొండ లేకపోతే ప్రయత్నించండి. పెరూలోని అరెకిపాలో తీసిన ఫొటోలతో బెయిలీ అనే ఆయన 1902లో ఆర్‌ఆర్ లైరే తారలను రకాలుగా విడదీసింది ఆ గుచ్ఛంలోనే. ఇలాంటి తారలతో గుచ్ఛాల దూరాలు కట్టే, సూర్యుడు పాలపుంత నడిబొడ్డున లేడని షాప్లీ అనే ఖగోళ శాస్త్రవేత్త 1918లో తేల్చాడు.

జూన్ సగానికి మబ్బులు కమ్మేస్తాయి. మే అమావాస్యకి అటూ ఇటూ ఒక రాత్రి ఖాళీ చేసుకోండి.