కొడుకు గరిటె పడితే తల్లికి తలవంపులా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఎంచుకుని ఒకేచోట ఇస్తున్నాము. మూడూ విశాఖపట్నం నుంచి వచ్చినవే. రాసినవారు ఒకరికొకరు ఎరుగరు గాని, మగవాడంటే ఇలా ఉండాలి, ఆడదంటే ఇలా ఉండాలి అని మనం చిన్నప్పటినుంచి విన్న మాటలే ముగ్గురినీ బాధపెడుతున్నాయి. వారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. మావారు స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. మేము గాజువాకలో, మా అబ్బాయి, కోడలు మధురవాడలో ఉంటున్నాము. వాళ్ళిద్దరూ ఉద్యోగస్తులే. సంక్రాంతి వెళ్ళాక మా తోటికోడలిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళితే, మా అబ్బాయే వండి వడ్డించి, తరువాత అంట్లు కూడా తోమాడు. కోడలు పసిబిడ్డకు పాలిస్తూ గదిలో ఉంది. తిరిగి వచ్చేటప్పుడు మా తోటికోడలు, "రాజాలా పెంచావు, ఆఖరికి చేతులకు గాజులు తొడిగించారు" అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. కోడలు చెడ్డ పిల్ల కాదు. తప్పు నాదా, వాళ్ళదా?

జవాబు: అమ్మా, బాధలో ఉండి కూడా కోడలు చెడ్డ పిల్ల కాదని రాయగలిగారు. మిమ్మల్ని నొప్పించింది ఆ ఇంట్లో కళ్ళారా చూసినది కాదు, దారిలో విన్న మాట. అందుకని ముందుగా ఆ మాట సంగతే చూద్దాము. గాజులు తొడుక్కోవడమంటే చేతగానితనమని మన భాషలో ఎందుకు స్థిరపడిందో గాని, మీరు ఆ బిడ్డను ఎత్తి పెంచింది గాజుల చేతులతోనే కదా. మీవారు సి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోయే రోజులలో రేషను, బ్యాంకు, బడి ఫీజు, అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రి, ఇవన్నీ ఎవరు చూసుకున్నారు? షిఫ్టు డ్యూటీలున్న ఇళ్ళలో ఆ భారం సాధారణంగా ఇల్లాలిదే. అలాంటి ఇల్లాలిని చూసి "మగరాయుడిలా నెట్టుకొచ్చింది" అని చుట్టుపక్కలవారు మెచ్చుకోవడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆడమనిషి మగవాడి పని చేస్తే మెప్పు, మగవాడు ఆడవారి పని చేస్తే తలవంపు! ఈ తేడా పనిలో లేదు, ఆ పనికి మనం కట్టిన విలువలో ఉంది.

వంట విషయమే తీసుకోండి. రుచికరమైన భోజనాన్ని తెలుగువారు నలభీమపాకం అంటారు. ఆ ఇద్దరూ మగవారే, అందులోనూ మహా వీరులు. వానలు పడకపోతే ఊళ్ళలో చదివించే విరాటపర్వంలో భీముడు వలలుడనే పేరుతో విరాటరాజు వంటశాలలో గరిటె తిప్పాడు, ఆ తరువాత ఆ చేతులతోనే కీచకుణ్ణి చంపాడు. ఈనాటికీ పెళ్ళిళ్ళలో వందలమందికి వండేది ఎక్కువగా మగ వంటవారే, వారిని చూసి ఎవరూ నవ్వరు. పదిమందికి వండి డబ్బు తీసుకుంటే అది వృత్తి అవుతుంది, ఇంట్లో పెళ్ళాంబిడ్డలకు వండితే మాత్రం పరువు తక్కువ అవుతుంది. ఇంటి చాకిరీకి జీతం లేదు గనుకనే దానికి గౌరవం కూడా లేకుండా పోయిందని నేను గట్టిగా నమ్ముతాను.

మన ఊళ్ళోనే మరో చోటు చూడండి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళితే, రాత్రంతా సముద్రం మీద వేట చేసి వచ్చిన మగవారు వలలు సర్దుకుంటూ ఉంటారు. ఒడ్డున చేపల వేలంపాటలో నిలబడి ధర తెగ్గొట్టేది, తట్ట నెత్తికెత్తుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది, చిల్లర లెక్క కట్టి కొంగున ముడివేసుకునేది చాలావరకు మత్స్యకార మహిళలే. గొంతెత్తి బేరమాడడం ఆడవారి లక్షణం కాదని వారికి ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు. బతుకుతెరువు ఎలా ఉంటే ఆడతనం, మగతనం అనే మాటల అర్థం కూడా అలా మారుతూ వచ్చింది. మీ అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నప్పుడు ఆ ఇంట్లో పనుల పంపకం మీ ఇంట్లో జరిగినట్టు ఎలా జరుగుతుంది?

అయితే మీ అబ్బాయి లాంటివారు ఇంకా తక్కువే. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్ళు దాటిన స్త్రీలలో 81.2 శాతం మంది ఏదో ఒక ఇంటిపని చేశారని తేలింది, పురుషులలో ఆ సంఖ్య 26.1 శాతమే. ఆ పని చేసినవారిని మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 299 నిమిషాలంటే ఒక నిమిషం తక్కువ ఐదు గంటలు. చట్టం కూడా బిడ్డ పెంపకం తల్లి పనేనన్నట్టుగా సాగుతోంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు దక్కింది. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రికి 15 రోజుల సెలవు ఉంది గాని, ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి ఒక్క రోజైనా ఇచ్చి తీరాలన్న చట్టం లేదు.

మరొక్క మాట. ఇలాంటి ఇళ్ళ గురించి చెప్పేటప్పుడు "అబ్బాయి కోడలికి సాయం చేస్తున్నాడు" అని మనం అంటాము. పని ఆమెది, చెయ్యి వేయడం అతని మంచితనం అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. ఎల్లుండి ఉదయం ఇడ్లీ కావాలంటే రేపు పొద్దున్నే మినప్పప్పు నానబెట్టాలి, సాయంత్రానికి రుబ్బి రాత్రంతా పులియనివ్వాలి. రుబ్బే పనికి గ్రైండరు ఉంది, కాని నానబెట్టాలని గుర్తుంచుకోవలసింది మనిషే. అది ఎవరికి గుర్తుంటుందో ఆ ఇల్లు ఎవరి తల మీద ఉందో తెలిసిపోతుంది. మీ అబ్బాయికి అది కూడా గుర్తుంటే, మీరు చాలా మంచి బిడ్డను పెంచారు. కొడుకు అలసిపోతున్నాడేమో అన్న తల్లి బాధ మీకు ఉంటే అది సహజమే, కోడలి కన్నతల్లికి కూడా తన బిడ్డ గురించి ఆ బాధ ఉంటుందని అనుకోండి. ఈసారి తోటికోడలు గాజుల మాట ఎత్తితే, "మావాడి చేతి పులుసు నాకు బాగా నచ్చింది" అని నిదానంగా చెప్పండి.

ప్రశ్న: నేను మల్కాపురంలో ఉంటాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి కూచిపూడి నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మా అన్నయ్య "ఆడంగి వేషాలు వద్దు, క్రికెట్‌లో చేర్పించు" అంటున్నాడు. నాట్యం నేర్చుకుంటే వాడి నడక, స్వభావం మారిపోతాయేమోనని నాకూ భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా చేర్పించండి. కూచిపూడి ఆడపిల్లల కళ అన్న అభిప్రాయం ఏర్పడింది ఇటీవలి కాలంలోనే. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామంలో తరతరాలుగా దానిని ఆడినవారు మగవారే, స్త్రీ పాత్రలు కూడా వారే వేసేవారు. సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మగారి జడ విసురు, ఆ అలక చూసి జనం మైమరచిపోయేవారు. నాటకరంగంలో స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలలో అంతటి పేరు పొందారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వారి మగతనాన్ని ఎవరూ శంకించలేదు. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఈ నాట్యంలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. మూడు తరాలలోపే మగవారి కళ ఆడపిల్లల కళగా మారిపోయిందంటే, మనం ప్రకృతి నియమాలని అనుకునేవాటిలో ఎన్ని కేవలం అలవాట్లో ఆలోచించండి.

ఇక అది సుకుమారమైన పని అనుకుంటే, ఒకసారి కూచిపూడిలో తరంగం అనే అంశం చూడండి. ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు కాళ్ళూ నిలిపి, నెత్తిన నీళ్ళ చెంబు పెట్టుకుని, తాళం తప్పకుండా ముందుకూ వెనక్కూ కదలాలి. మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టుండే అరమండిలో అరగంట నిలబడడానికి కావలసిన బలం ఏ ఆటకూ తీసిపోదు. మీ అన్నయ్యగారిని కూడా ఒక ప్రదర్శనకు తీసుకువెళ్ళండి.

మీ భయానికి సూటిగా జవాబు చెప్పాలి. నాట్యం ఏ బిడ్డ స్వభావాన్నీ మార్చదు. స్వతహాగా మెత్తని స్వభావం ఉన్న పిల్లవాడు క్రికెట్ ఆడినా మెత్తగానే ఉంటాడు, అది లోపం కాదు. బడిలో తోటిపిల్లలు వెక్కిరించవచ్చు, దానికి మాత్రం మీరు సిద్ధంగా ఉండాలి. వెక్కిరింపు విని ఇంటికి వచ్చిన రోజున తండ్రి తన పక్షాన ఉన్నాడని వాడికి తెలిస్తే, ఆ మాటలు వాడు తట్టుకోగలడు.

ప్రశ్న: నా వయసు 34. మూడు నెలల క్రితం కంపెనీలో ఉద్యోగం పోయింది. నా భార్యకు చెప్పలేదు. రోజూ పొద్దున్న బ్యాగు తగిలించుకుని బయలుదేరి, సాయంత్రం దాకా బీచ్‌లో కూర్చుని ఇంటికి వెళుతున్నాను. ఆమె ఉద్యోగం చేస్తోంది గనుక ఇల్లు గడుస్తోంది. ఇంటికి మగదిక్కుగా ఉండవలసినవాణ్ణి ఇలా అయ్యానని చెప్పడానికి నోరు రావడం లేదు.

జవాబు: తమ్ముడూ, ఈ రోజే చెప్పు. రాత్రి భోజనాలయ్యాక, "నీకు మూడు నెలలుగా ఒక విషయం దాచాను" అని మొదలుపెడితే చాలు, మిగిలినది దానంతట అదే వస్తుంది. ఆమెకు కోపం రావచ్చు. ఆ కోపం ఉద్యోగం పోయినందుకు కాదు, మూడు నెలలు ఒంటరిగా మోసినందుకు వస్తుంది. ఆ మాట ఆమె అన్నప్పుడు అడ్డు చెప్పకుండా విను.

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మనకు ఒక సామెత ఉంది. ఒకరి నవ్వుకు, మరొకరి ఏడుపుకు సంకెళ్ళు వేసిన సామెత అది, నాకు ఎప్పుడూ నచ్చలేదు. బాధను నోరు విప్పి చెప్పుకోలేకపోవడం మగవారి ప్రాణాల మీదికి తెస్తోంది. 2022లో దేశంలో బలవన్మరణాలకు పాల్పడినవారిలో పదింట ఏడుగురు పురుషులేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. దిక్కు అంటే ఆసరా. ఈ మూడు నెలలూ మీ ఇంటికి ఆసరా ఆమె జీతం, రేపు మళ్ళీ నీ జీతం కావచ్చు. ఉద్యోగం దొరికేదాకా వంటిల్లు, బజారు, బిల్లులు నీవి చేసుకుంటే ఇంట్లో నీ స్థానం తగ్గదు.

నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా, 14416 నంబరుకు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. చెప్పిన తరువాత ఏం జరిగిందో మాకు మళ్ళీ రాయి.